తూర్పు నుండి పడమటికి: రబ్బన్ సౌమా యాత్ర గురించి కొన్ని మాటలు

క్రైస్తవ ప్రచారయాత్ర అనగానే మనకు స్ఫురించే చిత్రం ఒక్కటే. పడమటి నుండి ఓడ వస్తుంది. అందులోంచి ఒక దొర దిగుతాడు. చేతిలో పుస్తకం, పక్కన దుబాసీ. కొన్నాళ్ళకు ఆ దొర స్వదేశంలోని సంఘానికి ఉత్తరం వ్రాస్తాడు: ఇన్ని ఊళ్ళు తిరిగాను, ఇంతమందికి చెప్పాను, ఇంతమంది విన్నారు అని. ఈ చిత్రం అబద్ధమని నేననను. మన తెలుగునాట జరిగినది చాలా వరకు ఇదే. 1805లో లండన్ మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. 1840లో అమెరికన్ బాప్తిస్టులు నెల్లూరికీ, 1842లో లూథరన్ హెయర్ దొర గుంటూరుకీ వచ్చారు. మా ముత్తాత కాలం నుండి మా ఇంట్లోవాళ్ళు క్రైస్తవులు. "మీది దొరల మతం కదండీ" అన్న మాట నేను బడిలోనూ విన్నాను, కళాశాలలోనూ విన్నాను, ఉద్యోగంలో చేరాక టీ కొట్టు దగ్గరా విన్నాను. అన్నవారిలో చాలామంది దురుద్దేశంతో అన్నవారు కారు. వారికి తెలిసిన చరిత్ర అంతే.

అయితే ఆ దారిలో ఎదురు దిక్కుగా నడిచినవాడు ఒకడున్నాడు. పదమూడవ శతాబ్దంలో, నేడు మనం బీజింగ్ అంటున్న నగరం నుండి బయలుదేరి, ఎడారులు దాటి, బాగ్దాదు చేరి, అక్కడి నుండి కాన్‌స్టాంటినోపుల్, నేపుల్స్, రోము, జెనోవా, పారిస్, చివరికి ఫ్రాన్సు పడమటి అంచున ఉన్న బోర్డో దాకా వెళ్ళి వచ్చిన క్రైస్తవ సన్యాసి. పేరు రబ్బన్ సౌమా. ఆయన యాత్ర గురించి తెలుగులో నాకు ఎక్కడా నాలుగు వాక్యాలకు మించి కనబడలేదు. అందుకే ఈ ప్రయత్నం.

మార్కో పోలో మనకు బాగా తెలుసు. మోటుపల్లి రాజ్యాన్ని ఒక రాణి ఏలుతున్నదని వ్రాసిపెట్టిన పుణ్యాన, రుద్రమదేవి ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఆయన పేరు వస్తుంది. ఆ మార్కో పోలో కుబ్లాయ్ ఖాన్ కొలువుకు చేరినది 1275 ప్రాంతంలో. సరిగ్గా ఆ రోజుల్లోనే సౌమా కుబ్లాయ్ రాజధాని నుండి పడమరకు బయలుదేరాడు. ఇద్దరూ ఏదో ఒయాసిస్సు దగ్గర ఒకే బావి నీళ్ళు తాగి ఉంటారేమో అని ఊహించుకోవడం నాకు సరదా. (ఊహ మాత్రమే సుమా!) వెనిసు వర్తకుడి పుస్తకం లోకమంతా చదివింది. చీనా సన్యాసి పుస్తకం మాత్రం ఆరు శతాబ్దాలు ఎవరికంటా పడకుండా ఉండి, 1887లో బయటపడి, 1888లో పారిస్‌లో అచ్చయింది. సురియానీ భాషలో ఉన్న ఆ ప్రతిని ప్రకటించినవాడు పాల్ బెజాన్. దాని పూర్తి ఆంగ్లానువాదం వాలిస్ బడ్జ్ చేతిలో 1928లో వచ్చింది.

చీనాలో క్రైస్తవులేమిటి అన్న సందేహం సహజమే. తూర్పు సంఘం అని ఒకటుండేది. యూరపువారు దానిని నెస్టోరియన్ సంఘమని, కాస్త చులకనగా, పిలిచేవారు. దాని పీఠం రోములో లేదు, మెసొపొటేమియాలో ఉండేది. పూజాభాష లాటిన్ కాదు, సురియానీ. ఆ సంఘపు బోధకుడు అలోపెన్ క్రీ.శ. 635లోనే చీనా రాజధాని చేరాడని, 781లో ప్రతిష్ఠించిన శిలాశాసనం చెబుతోంది. ఆ శాసనం నేటికీ షియాన్ నగరంలో ఉంది. మన కేరళ సిరియన్ క్రైస్తవులకు బిషప్పులు వచ్చినదీ ఈ సంఘం నుండే. అంటే ఆనాడు చీనాలోని గుడికీ, మలబారు తీరంలోని గుడికీ పెద్ద ఒక్కడే. ఇద్దరి ప్రార్థనా ఒకే భాషలో. ఆ లోకపటంలో యూరపు ఎక్కడో మూలన ఉంటుంది.

సౌమా సంపన్నుల బిడ్డ. లేకలేక పుట్టినవాడు. తలిదండ్రులు ఉపవాసాలుండి ప్రార్థించగా కలిగిన కొడుకు కనుక 'ఉపవాస పుత్రుడు' అనే అర్థం వచ్చేలా బార్ సౌమా అని పేరు పెట్టారు. మన పక్క నోములు నోచి కన్న పిల్లలకు ఆ దేవుడి పేరు పెట్టుకొన్నట్టే. పెళ్ళి కుదిర్చారు, అతడు వద్దన్నాడు. ఉన్నదంతా పంచిపెట్టి, సన్యాసం పుచ్చుకొని, ఏడేళ్ళు ఒక గదిలోనూ, ఆ తర్వాత నగరానికి ఒకరోజు ప్రయాణమంత దూరంలోని కొండల్లోనూ ఉన్నాడు. అక్కడికి మార్కోస్ అనే యువకుడు పదిహేను రోజులు నడిచి వచ్చి శిష్యుడయ్యాడు. యెరూషలేము చూసి రావాలన్న ఆలోచన మొదట ఆ శిష్యుడిదే. గురువు చాలా భయపెట్టాడు. దారి ఎంత ఘోరమో చెప్పాడు. శిష్యుడు వినలేదు.

వీరు బయలుదేరి మార్కోస్ స్వస్థలానికి వచ్చినప్పటి ఘట్టం నాకు ఎంతో ఇష్టం. అక్కడి ఏలికలు ఒంగూత్ తెగవారు, తామూ క్రైస్తవులే, ఖానుల ఇంటి అల్లుళ్ళు. వారు ఈ ఇద్దరినీ ఆపబోయారు. పడమటి నుండి సన్యాసులను రప్పించుకోవడానికి మేము నానా అవస్థలు పడుతూంటే ఉన్న మీరు వెళ్ళిపోతారా అన్నారు. ఈ వాదన ఎంత న్యాయమైనదో చూడండి! పుణ్యక్షేత్రం దూరాన ఉన్నదని పోయేవాడికి, ఇక్కడే ఉండమనే గొంతు ఎప్పుడూ అడ్డమే. సన్యాసులు వినలేదు. అప్పుడు ఏలికలు గుర్రాలూ బంగారమూ బట్టలూ ఇవ్వబోతే వీరు మాకెందుకన్నారు. మీకు ఈ దారి తెలియదు, చేతిలో ఏమీ లేకుండా పోతే గమ్యం చేరరు, అప్పుగానైనా తీసుకోండి, అక్కడి మఠాలకూ సన్యాసులకూ పంచండి అని ఒప్పించారు. ఒప్పుకొని తీసుకొన్నారు. ధనం ముట్టనని పట్టుబట్టి దారిలో చచ్చిపోవడంలో గొప్ప ఏమీ లేదని వాళ్ళకు తెలుసు. ఈనాడు విదేశీ విరాళం అనగానే ఒకరు చెవులు మూసుకొంటారు, మరొకరు చేతులు చాస్తారు. ఎవరిస్తున్నారు, ఎందుకిస్తున్నారు, ఎవరికి చేరుతున్నది అని ఆ గుడారంలో జరిగినంత నిదానమైన చర్చ నేను మన సంఘాల్లో వినలేదు.

దారి సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇసుక ఎడారి దాటి ఖోటాన్ చేరడానికి రెండు నెలలు. యుద్ధం వల్ల అక్కడే ఆరు నెలలు. కాష్గర్ చేరితే ఊరు దోపిడీకి గురై నిర్మానుష్యంగా ఉంది. తలాస్ దగ్గర ఖైదూ ఖాన్ శిబిరం, ఆపైన ఖొరాసాన్. అక్కడికి చేరేసరికి చేతిలో ఉన్నది దాదాపు అంతా పోయింది. మరాగాలో సంఘాధిపతి మార్ దెన్హాను కలుసుకొన్నారు. ఆ మీద బాగ్దాదు, మోసుల్, నిసిబిస్. యెరూషలేముకు మాత్రం పోలేకపోయారు. సిరియా అంతా మామ్లూకుల చేతిలో ఉంది. జార్జియా మీదుగా పోయి సముద్రం మీద వెళ్దామన్నా దారి క్షేమం కాదన్నారు. వెనక్కి చీనాకు పోదామంటే మధ్యాసియా ఖానుల మధ్య పోరు వల్ల ఆ దారీ మూసుకుపోయింది. ఇక అక్కడే ఉండిపోయారు. 1281లో మార్ దెన్హా చనిపోతే బిషప్పులంతా కూడి శిష్యుడైన మార్కోస్‌నే సంఘాధిపతిగా ఎన్నుకొన్నారు. నాకు సురియానీ సరిగా రాదు మొర్రో అన్నాడు ఆ యువకుడు. ఆ భాష రాకపోయినా ఫరవాలేదు, మంగోలుల భాషా మర్యాదా తెలిసినవాడు కావాలన్నారు. ఏలేవాళ్ళు మంగోలులు కదా! మతంలో లౌకికం ఎంత పాలు ఉంటుందో ఆ చరిత్రకారుడు ఏ సంకోచమూ లేకుండా చెప్పేశాడు. ఆ నిజాయితీకి నా నమస్కారం.

మార్కోస్ మార్ యాబల్లాహా అనే పేరుతో పీఠమెక్కి 1317 దాకా ఉన్నాడు. ఇక్కడొక సంగతి చెప్పాలి. కేరళలోని కొడుంగల్లూరులో 1301లో ఒక సురియానీ ప్రతి వ్రాయబడింది. అది ఇప్పుడు వాటికన్ గ్రంథాలయంలో ఉంది. దాని చివర లేఖకుడు తన కాలపు సంఘాధిపతి పేరు పేర్కొన్నాడు: తురుష్కుడైన మార్ యాబల్లాహా. మంగోలియా సరిహద్దుల్లో పుట్టి, గురువు కోసం పదిహేను రోజులు నడిచిన ఆ పిల్లవాడి పేరు మలబారు తీరంలో తాటాకుల, కొబ్బరాకుల మధ్య ఒక లేఖకుడు భక్తిగా వ్రాసుకొన్నాడన్నమాట. "దొరల మతం" అన్న మాట వినబడినప్పుడల్లా నాకు ఈ వాక్యం చూపాలనిపిస్తుంది. చూపితే వాదన తేలిపోతుందని కాదు. మా ఊరికి ఆ మతం దొరల ద్వారానే వచ్చింది, కొడుంగల్లూరు ద్వారా రాలేదు. కాని నది ఏ కాలువ గుండా మన పొలానికి వచ్చిందో అదే నది పుట్టుక అనుకోవడం మాత్రం సరి కాదు.

ఇక గురువుగారి అసలు యాత్ర. 1287లో పారశీకాన్ని ఏలుతున్న మంగోలు రాజు అర్ఘున్, యూరపు రాజులతో పొత్తు కుదుర్చుకొని మామ్లూకుల మీద దండెత్తాలని తలచాడు. ఎవరిని రాయబారం పంపాలి? సంఘాధిపతిని అడిగితే, భాష తెలిసినవాడూ నమ్మదగినవాడూ అని సౌమాను చూపాడు. రెండువేల మిస్కాళ్ళ బంగారం, ముప్ఫై గుర్రాలు, రాజముద్ర పలక ఇచ్చి పంపారు. అప్పటికి ఆయనకు అరవై దాటి ఉంటాయి.

ఇక్కడే కొందరు విమర్శకులు పట్టుకొంటారు. ఇది మతయాత్ర కాదు, రాయబారం; ఇంకా మాట్లాడితే యుద్ధసన్నాహం అని. నిజమే. నేను దాచను. ఈ యాత్ర సఫలమై ఉంటే సిరియాలో మరికొన్ని నగరాలు తగలబడి ఉండేవి. బాగ్దాదును 1258లో మంగోలులు ఏం చేశారో ఎరిగినవాడెవడూ అర్ఘున్ పక్షాన నిలిచి మురిసిపోలేడు. తిరిగి వచ్చాక అర్ఘున్ తన గుడారం పక్కనే సౌమా కోసం గుడి గుడారం వేయించాడట, రెండు గుడారాల తాళ్ళూ ఒకదాని మీదుగా ఒకటి పెనవేసుకొనేంత దగ్గరగా. చరిత్రకారుడు దానిని గౌరవంగా చెప్పుకొన్నాడు. నాకు మాత్రం ఆ తాళ్ళను చూస్తే దిగులేస్తుంది. రాజు గుడారం కూలితే ఆ తాళ్ళు గుడినీ లాగేస్తాయి. లాగేశాయి కూడా.

అయినా ఆ రాయబారంలో జరిగినదంతా రాయబారమే అని తీసిపారేయలేను. రోములో ఏం జరిగిందో చూడండి. సౌమా చేరేసరికి పోపు నాలుగో హొనోరియస్ చనిపోయి ఉన్నాడు. కొత్త పోపు ఎన్నిక కాలేదు. పన్నెండుమంది కార్డినళ్ళు కూర్చొని ఈయనను విచారించారు. ఎక్కడి నుండి వచ్చావు, మీ పీఠమెక్కడ, మీకు క్రీస్తు మాట చెప్పినదెవరు? తోమా, అద్దాయి, మారీ చెప్పారన్నాడు. క్రైస్తవుడివై ఉండి మంగోలుల దూతగా రావడమేమిటన్నారు. మా పెద్దలెందరో మంగోలుల, తురుష్కుల, చీనీయుల దేశాలకు పోయి బోధించారు, వారిలో క్రైస్తవులు చాలామంది ఉన్నారు అన్నాడు. ఈ జవాబు విన్నప్పుడు ఆ పన్నెండుమంది ముఖాలు ఎలా ఉన్నాయో చరిత్రకారుడు చెప్పలేదు గాని, ఊహించుకోవచ్చు. లోకానికి బోధించే పని తమదేననుకొంటున్న వారికి, ఆ పని తాము మొదలుపెట్టక ముందే తూర్పున జరిగిపోయిందని ఒక ముదుసలి చెబుతున్నాడు.

అప్పుడు నీ విశ్వాస ప్రమాణం చెప్పమన్నారు. చెప్పాడు. పరిశుద్ధాత్మ తండ్రి నుండి మాత్రమేనా, కుమారుని నుండి కూడానా అని తర్కం లేవదీశారు. (పడమటి సంఘమూ గ్రీకు సంఘమూ ఈ ఒక్క మాట మీద ఎన్ని శతాబ్దాలు తగవులాడుకొన్నాయో!) కొంతదూరం జవాబులు చెప్పాడు. బాగానే చెప్పాడు. ఆ తర్వాత చాలించాడు. నేను మీతో వాదించడానికీ రాలేదు, మీకు నేర్పడానికీ రాలేదు. పోపును దర్శించి, పరిశుద్ధుల సమాధులకు మొక్కి, మా రాజు మాట చెప్పడానికి వచ్చాను. వాదం చాలించి నాకు ఇక్కడి గుళ్ళు చూపించండి అన్నాడు. చూపించారు.

రాయబారి తెలివిగా తప్పుకొన్నాడని దీన్ని చదవవచ్చు. నేనలా చదవను. నేర్పడానికి రాలేదన్న ఆ ఒక్క మాట మతయాత్రల చరిత్రలో ఎంత అరుదైనదో ఆలోచించండి. దూరదేశం పోయినవాడు అక్కడివారిని తన ప్రశ్నలతో వేధించడం మామూలు. ఇక్కడ ఆతిథ్యమిచ్చినవారు ప్రశ్నలడిగారు, యాత్రికుడు నిలబడి జవాబు చెప్పాడు, తనకు కావలసినది వారి దగ్గర ఉన్నదని ఒప్పుకొన్నాడు.

కొన్నేళ్ళ క్రితం ఒక విదేశీ యువబృందాన్ని గుంటూరు జిల్లాలోని ఒక పల్లెలో చూశాను. పదకొండు నెలల్లో పదకొండు దేశాలు తిరిగే యాత్ర వారిది. మనది ఏడో దేశమో ఎనిమిదో దేశమో. మంచి పిల్లలు. చర్చి గోడకు సున్నం వేశారు, పిల్లలతో ఆడారు, కంట తడి పెట్టుకొన్నారు. దుబాసీ మాత్రం వారు ఒక వాక్యం చెబితే తాను నాలుగు చెబుతున్నాడు. ఊళ్ళో ఒక ముసలామె, నలభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం ఆ గుడిలో పాట ఎత్తుకొనే మనిషి, వరసలో కూర్చొని ఆ పిల్లల సాక్ష్యాలు విన్నది. ఆమె సాక్ష్యం ఏమిటని ఆ సాయంత్రం ఎవరూ అడగలేదు. ఆ పిల్లల తప్పనడం లేదు. వారికి అలా అడగవచ్చునని ఎవరూ చెప్పి ఉండరు. అడిగి ఉంటే, వారి పదకొండు దేశాలలో మనది ఏదో గుర్తుండిపోయేది.

లెక్కల మోజు కూడా ఇటువంటిదే. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారన్నది ప్రపంచమంతా చెప్పుకొన్న వార్త. ఆ ఘట్టం పట్ల నాకు చులకన లేదు. కరవు రోజుల్లో కూటికోసం వచ్చారన్న నింద రాకూడదని క్లఫ్ దొర బాప్తిస్మాలు నెలల తరబడి ఆపించాడు. ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మాలిచ్చినవారు దేశీయ బోధకులు. కాని అంకె మిగిలినంత గట్టిగా ఆ మనుషులు మిగలలేదు. అంతకు పన్నెండేళ్ళ ముందే తోళ్ళ వ్యాపారం చేస్తూ ఊరూరా తిరిగిన యెర్రగుంట్ల పేరయ్య తన వాళ్ళకు ఈ కబురు మోసుకుపోయాడు. ఆయన నడిచిన దారులు ఎన్నో, ఎవరింట ఏం తిన్నాడో, ఎవరు తలుపు మూశారో ఆయనే వ్రాసుకొని ఉంటే, నా దృష్టిలో అది తెలుగు యాత్రాసాహిత్యంలో మొదటి వరసలో ఉండేది.

ఇంత చెప్పి సౌమా కళ్ళతో యూరపును చూపించకపోతే అన్యాయమౌతుంది. సముద్రం మీద పోతూ, పగలు పొగా రాత్రి నిప్పూ కక్కే కొండను చూశాడు. అది ఎట్నా. ఆ వర్ణనను బట్టే పండితులు దానిని 1287 జూన్ 18 నాటి విస్ఫోటనంగా గుర్తించారు. నేపుల్స్‌లో దిగితే ఆ దగ్గర సముద్రంలో యుద్ధం జరుగుతోంది. మేడ మీద కూర్చొని చూశాడు. ఆశ్చర్యపోయాడు, యుద్ధం చేసేవాళ్ళనే తప్ప మిగతా జనాన్ని ఈ ఫ్రాంకులు ముట్టుకోవడం లేదేమిటి అని! మంగోలు దండయాత్రలు ఎరిగినవాడి ఆశ్చర్యమది. ఈ ఒక్క వాక్యంలో రెండు ఖండాల యుద్ధనీతి కనబడుతుంది (యూరపు సైన్యాలు అన్నిచోట్లా అంత మర్యాదగా ఉండేవని ఎవరైనా అనుకొంటే అది మరో పొరపాటు). జెనోవాలో రాజు లేడు, జనం తమకు నచ్చినవాడిని పెద్దగా పెట్టుకొంటారని విని వింతపడ్డాడు. అక్కడ చలికాలంలోనూ చెట్లు ఆకులు రాల్చవని, ఆ ఊరు ఉద్యానవనంలా ఉందని మెచ్చుకొన్నాడు. పారిస్‌లో నెలకు పైగా ఉన్నాడు. ముప్ఫైవేలమంది విద్యార్థులు అక్కడ వేదాంతమూ వైద్యమూ గణితమూ ఖగోళమూ చదువుతున్నారని, వారికి రాజే పోషణ ఇస్తాడని వ్రాసుకొన్నాడు. సంఖ్య కాస్త ఎక్కువే కావచ్చు. ఆ ఊరికి కొత్తగా వచ్చినవాడికి ఎటు చూసినా విద్యార్థులే కనబడి ఉంటారు.

బోర్డోలో ఇంగ్లాండు రాజు మొదటి ఎడ్వర్డు ఉన్నాడు. అతడి కోరికపై ఈయన పూజ జరిపించాడు. ఎడ్వర్డు ఈ చీనా సన్యాసి చేతి నుండి సంస్కారం పుచ్చుకొన్నాడు. ఇంగ్లాండు రాజుకు బీజింగు నుండి వచ్చిన గురువు రొట్టె అందించడం! మన పాఠ్యపుస్తకాల్లో ఈ వాక్యం ఉండి ఉంటే టీ కొట్టు దగ్గర సంభాషణలు వేరుగా నడిచేవి.

1288 ఫిబ్రవరిలో నాలుగో నికొలస్ పోపు అయ్యాడు. తనను ప్రశ్నలడిగిన పన్నెండుమందిలో ఒకడే. మా పద్ధతిలో పూజ చేసుకోనిస్తారా, మీరూ చూడవచ్చు అని సౌమా అడిగాడు. సరేనన్నాడు. జనం విరగబడి వచ్చి చూసి, భాష వేరు గాని క్రమం ఒక్కటే అన్నారట. ఆ మీదట మట్టల ఆదివారం నాడు పోపు చేతి మీదుగా ఈయన సంస్కారం పుచ్చుకొని ఏడ్చాడు. ఒకరి సంఘాన్ని మరొకరు తప్పుడు బోధగా లెక్కించిన కాలంలో ఇది జరిగింది. ఎనిమిది నెలల క్రితం తర్కంలో తేలనిది భోజనపు బల్ల దగ్గర ఎవరికీ అడ్డు రాలేదు.

వెళ్ళేముందు అవశేషాలు కొన్ని ఇమ్మని అడిగాడు. వచ్చినవాళ్ళందరికీ ఇస్తూ పోతే కొండలంత ఉన్నా చాలవు అని పోపు గొణిగి, దూరం నుండి వచ్చావు కనుక అని కొద్దిగా ఇచ్చాడు. ఈ చిరాకును దాచకుండా వ్రాసినందుకు నవ్వొచ్చింది నాకు. తిరుపతి నుండి వచ్చినవాళ్ళు లడ్డూ ఎంతమందికని పంచుతారు!

ఇంతకీ నా ప్రధానమైన ఫిర్యాదు ఇంకా చెప్పలేదు. సౌమా తన యాత్రను పారశీక భాషలో వ్రాసుకొన్నాడు. ఆ పుస్తకం పోయింది. మనకు మిగిలినది, పేరు తెలియని ఒక సురియానీ రచయిత దాన్ని కుదించి, ఇద్దరి జీవితచరిత్రలో ఇమిడ్చిన భాగం. తన పనికి అవసరం లేనివి వదిలేశానని ఆయనే ఒప్పుకొన్నాడు. ఏం వదిలేశాడు? గుళ్ళూ అవశేషాలూ జాగ్రత్తగా ఉంచాడు. తిండి, వసతి, దుబాసీలు, జబ్బులు, వీధుల్లో జనం అన్నీ పోయాయి. భక్తికి అక్కర్లేదనుకొన్నవే కాబోలు. ఇక్కడ నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తుకొస్తారు. 1830-31లో పదిహేను నెలలు తిరిగిన కాశీయాత్రలో ఆయన ప్రతి మజిలీలో బియ్యం దొరుకుతుందా, బాట ఎలా ఉంది, నది దాటడానికి పడవలున్నాయా అని వ్రాశారు. దేవుడి దర్శనానికి పోతున్నవాడికి ఈ గొడవలెందుకని ఏ పుణ్యాత్ముడూ వాటిని కత్తిరించలేదు. మిత్రుడు శ్రీనివాస పిళ్ళై ఆ జాబులను ఉన్నవి ఉన్నట్టు భద్రపరిచారు. మనం అదృష్టవంతులం. బీజింగు సన్యాసికి అటువంటి మిత్రుడు దొరకలేదు. యాత్రలో దేవుడు ఎంత ఉన్నాడో దారి కూడా అంతే ఉందని ఆ కుదించినవాడికి తెలియలేదు.

యాత్ర ఉద్దేశం నెరవేరలేదు. రాజులు మర్యాదలు చేశారు, కానుకలిచ్చారు, సైన్యం మాత్రం ఎవరూ పంపలేదు. 1291లో అర్ఘున్ చనిపోయాడు. అదే ఏడు మామ్లూకులు అక్కా కోటను పట్టుకొన్నారు, యూరపువారి రాజ్యం ఆ తీరంలో ముగిసింది. సౌమా ఇక చీనాకు వెళ్ళలేదు, యెరూషలేమూ చూడలేదు. మరాగాలో ఒక గుడి కట్టించి, 1294 జనవరిలో బాగ్దాదులో కన్నుమూశాడు. మరుసటి ఏడే పీఠమెక్కిన ఘాజాన్ ఇస్లాము స్వీకరించాడు. తాళ్ళు తెగాయి. గుళ్ళు కూల్చారు. యాబల్లాహాను పట్టి హింసించారు. తర్వాత కొన్నాళ్ళు తెరిపి ఇచ్చినా, 1310లో అర్బేలా కోటలోని క్రైస్తవులను ఊచకోత కోశారు. వారిని కాపాడాలని చేతనైనదంతా చేసి ఓడిపోయిన ఆ ముసలి సంఘాధిపతి, మంగోలుల సేవ చేసి చేసి అలసిపోయాను అన్నాడట. ఆ తర్వాత ఆయన కొలువుకు పోలేదు. మరాగాలో తన మఠంలోనే ఉండి, 1317లో చనిపోయాడు. కొడుంగల్లూరు లేఖకుడికి ఈ కబురు ఎప్పుడు చేరిందో, అసలు చేరిందో లేదో.